కూలిపని చేసిన తాత జాడ పట్టడం ఎలా?

జమీందార్లకి వంశవృక్షాలు ఉంటాయి, కరణాల ఇళ్ళలో దస్తావేజులు ఉంటాయి. మన తాత పోర్టులో బస్తాలు మోశాడు, లేదా షిప్‌యార్డులో కలాసీ, లేదా రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయన గురించి ఎవరు రాసి పెడతారులే అనుకుంటాం. కానీ రాశారు. ఆయన మీద గౌరవంతో కాదు, ఆయనకి జీతమో పింఛనో ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఆయన దగ్గర ఏదో వసూలు చేయాల్సి వచ్చినప్పుడు రాశారు. కాబట్టి డబ్బు చేతులు మారిన చోటల్లా వెతకండి.

ముందు ఇంట్లో ట్రంకుపెట్టె. విశాఖలో మా మల్కాపురం ఇంట్లో అది అటక మీద, పాత కుక్కర్ కింద ఉంది. తీసేముందు లోపల ఏది దేని మీద ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, ఎందుకంటే ఒకే మడతలో ఉన్న కాగితాలు చాలాసార్లు ఒకే పని కోసం దాచినవి. ఫొటోలకి వెనకవైపు కూడా చూడండి, స్టూడియో ముద్ర ఉంటే ఊరు తెలిసిపోతుంది. ఇత్తడి బిందెలు, గంగాళాలు కూడా వదలొద్దు, పేరు చెక్కించడం మనవాళ్ళకి అలవాటే కదా, ఒక్కోసారి తారీఖు కూడా ఉంటుంది. మా మామ్మ బిందె మీద ఆవిడ పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తగా నేను వినలేదు.

కాగితాల్లో నేను బంగారంలా చూసేది పీఎఫ్ నామినేషన్ ఫారం. 1952 చట్టం తర్వాత వచ్చినవి ఇవి. భార్య ఎవరు, పిల్లలెవరు, ఎవరికెంత వయసు అన్నీ అందులో ఉంటాయి. చిన్నప్పుడే పోయిన పిల్లల పేర్లు కూడా అక్కడ కనపడతాయి, అది చూసి ఇంట్లో పెద్దవాళ్ళు ఏడిస్తే కంగారుపడకండి, ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. రెండోది ఎల్ఐసీ. బాండు కంటే దానికోసం నింపిన ప్రపోజల్ ఫారం కాపీ దొరికితే మంచిది, తల్లిదండ్రులు ఉన్నారా, పోతే ఎన్నేళ్ళకి, ఏ జబ్బుతో అని అందులో అడుగుతారు. ముత్తాత గురించి ఒక్క ముక్క రాసి ఉన్న కాగితం మా ఇంట్లో అదొక్కటే.

చదివింపుల పుస్తకం గురించి ఎవరూ చెప్పరు. మా పెద్దత్త పెళ్ళి పుస్తకంలో ఒక పేజీలో వరసగా పదకొండు పేర్లు, అందరివీ రెండేసి రూపాయలు, పక్కన ‘సింధియా’ అని, అంటే అప్పటి షిప్‌యార్డు కంపెనీ. చుట్టాలు కాదు, తాతతో పనిచేసిన బ్యాచ్. అందులో ఒక ఇంటిపేరు పట్టుకుని గాజువాకలో ఒకాయన్ని కలిశాం. వాళ్ళ నాన్న మా తాతని ‘రివిట్టు’ అని పిలిచేవాడట. అంటే ఆయన ఓడ బాడీ కట్టే హల్ షాపులో, ఇనప రేకుల్ని కలిపే రివెట్లు కొట్టే గుంపులో ఉన్నాడన్నమాట, సర్వీసు కాగితాల్లో మాత్రం ఉత్త ‘కలాసీ’.

ఇక మామ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి ‘ఏ సంవత్సరం?’ అని అడగొద్దు, దాంతో ఆవిడకి టెన్షన్, మీకు తప్పు జవాబు. అప్పుడు ఊళ్ళో ఏం జరిగిందో అడగండి. విశాఖలో దీనికి మంచి గుర్తులున్నాయి: పోర్టు తెరిచింది 1933లో, జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, షిప్‌యార్డులో ‘జల ఉష’ ఓడని నెహ్రూ వచ్చి నీళ్ళలోకి దింపింది 1948 మార్చి 14న. మా మామ్మ అంది, ‘నెహ్రూ వచ్చినప్పుడు మీ నాన్న నా చంకలో ఉన్నాడు బాబూ, ఆ జనంలో చెప్పు పోయింది.’ నాన్న స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టినరోజు 1-7-1949. పుట్టని పిల్లాణ్ణి చంకనెత్తుకోలేదు కదా! జూలై 1 కనిపిస్తే అనుమానించండి, అది చాలాసార్లు మేష్టారు వేసిన పుట్టినరోజు. ‘చిత్రభానులో పుట్టాడు’ అని సంవత్సరం పేరు చెప్తే ఇంకా సుఖం, అది 1942-43. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి తాత వయసుతో సరిచూసుకుంటే చాలు.

పేర్ల దగ్గర మోసపోయేది ఎక్కువ. తాత పేరే మనవడికి పెడతారు, కాబట్టి ఒకే పేరుతో ఇద్దరు కనిపిస్తే తండ్రి పేరు చూడందే ఒకడనుకోవద్దు. ఇంగ్లీషులో ఇంటిపేరుని ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. కంపెనీల పేర్లూ అంతే. మేం రెండు జీతం స్లిప్పులు చూసి తాత ఉద్యోగం మారాడనుకున్నాం. మారింది ఆయన కాదు, 1952లో సింధియా కంపెనీ యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, గేటు అదే.

జిల్లాలూ మారాయి. బొబ్బిలి పక్క ఊరివాళ్ళైతే పాత కాగితంలో విశాఖపట్నం జిల్లా, 1950 తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం. ఏ జిల్లా ఆఫీసుకి వెళ్ళాలో తేల్చుకోకుండా బస్సెక్కితే నాలాగే అవుతుంది. ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పి, చివరికి పాతవి చెదలు తిన్నాయన్నారు.

ఆఫీసులకి ఉత్త పేరుతో వెళ్ళొద్దు. టోకెన్ నంబరో, పీఎఫ్ నంబరో, పీపీఓ (పింఛను ఆర్డరు) నంబరో ఉంటేనే గుమాస్తా లేస్తాడు. పనిచేసింది కేంద్ర సంస్థలోనైతే సర్వీసు వివరాలకి పది రూపాయలు కట్టి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వారసులమని చూపడానికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేస్తే ‘వేరేవాళ్ళ సమాచారం’ అని కొట్టేయడానికి సాకు తగ్గుతుంది. పాత జనన రిజిస్టర్లలో పిల్లవాడి పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, తండ్రి పేరు మీద, అటూ ఇటూ రెండేళ్ళు చూడమనండి. జనాభా లెక్కల్లో మాత్రం వెతక్కండి, మనిషి పేరుతో ఉన్న ఆ వివరాలు చట్టప్రకారం ఎవరికీ చూపించరు.

దొరికిన ప్రతిదాని పక్కనా అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో నోట్‌బుక్‌లో రాసుకోండి. మా నోట్‌బుక్‌లో తాత పుట్టిన సంవత్సరాలు ఇప్పటికి మూడున్నాయి. పదకొండు పేర్లలో ఇంకా పది మిగిలాయి, వచ్చే ఆదివారం శ్రీహరిపురంలో రెండోవాళ్ళింటికి వెళ్తున్నాం.