ఇల్లు కొనే ముందు పాల ప్యాకెట్ కోసం నడిచి చూడండి

హైదరాబాద్ చిక్కడపల్లిలో అద్దెకున్న పందొమ్మిదేళ్లూ నేను పనిగట్టుకుని వాకింగ్‌కి వెళ్లింది లేదు. కూరగాయలకీ, సిటీ సెంట్రల్ లైబ్రరీకీ, సాయంత్రం త్యాగరాయ గానసభకీ నడకే. ఘట్‌కేసర్ దాటాక సొంతిల్లు కట్టుకున్నాం. ఏడాది తిరిగేసరికి మూడు నెలల షుగర్ సగటు 6.9 నుంచి 8.2కి ఎక్కింది. తిండి పెరగలేదు, మందు మానలేదు. కాళ్లకి పని పోయింది, అంతే.

అందుకే అవుటర్ రింగ్ రోడ్డు అవతల ప్లాటు చూస్తున్నవాళ్లకి చెబుతున్నాను. వెంచర్ వాళ్ల కారెక్కి ఆదివారం పూట వెళ్లకండి. మామూలు రోజు సాయంత్రం ఆరింటికి బస్సు దిగి నడిచి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వెంట తీసుకెళ్లండి.

గేటు దగ్గర టైం చూసుకుని పాల ప్యాకెట్ కొనుక్కు రండి. ఎంతసేపు పట్టిందన్నదే కాదు, దారిలో ఎన్నిసార్లు బండికి భయపడి పక్కకి తప్పుకున్నారో లెక్కపెట్టుకోండి. మా అత్తయ్య మొదటిరోజే కంకర లారీకి జడిసి ముళ్లకంపలోకి జరిగారు. చీర కుచ్చిళ్లు కంపకి చిక్కుకున్నాయి. వంగి ఒక్కో ముల్లూ విడదీస్తుంటే, "ఇంక నేను బయటికి రానమ్మా" అన్నారు. అన్నట్టే ఏడు నెలలు గడప దాటలేదు.

ఫుట్‌పాత్ ఉంటే టేపు పెట్టి కొలవండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అడ్డు లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎత్తు ఎక్కువైతే మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు.

బ్రోచర్‌లో పార్కు బొమ్మ చూసి సరేననకండి. మంజూరైన లేఅవుట్ కాపీ, పార్కు స్థలాన్ని పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. మేం అడగలేదు. మాకు చూపించిన పార్కులో ఇప్పుడు ఇసుక గుట్టలున్నాయి.

వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లండి. సగంలో ఆగిన కట్టడాల సంపుల్లో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ గుడ్డు నుంచి వారం, పది రోజుల్లోనే ఎగిరే దశకొస్తుంది.

ఇప్పటికే వెళ్లిపోయినవాళ్లు చేయగలిగిందీ ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంత నడకకి ముందు దారి కావాలి. మా వీధి ఆడవాళ్లం ఏడుగురం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణికి వెళ్లాం. "రోడ్లు బాగుచెయ్యండి" అని రాస్తే ఆ అర్జీ బల్లలు మారుతుందే తప్ప ఎవరూ పట్టించుకోరు. ఏ కరెంటు స్తంభం నుంచి ఏ స్తంభం దాకా కంప కొట్టాలో, ఎక్కడెక్కడ దీపం లేదో నంబర్లతో, ఫొటోలతో రాశాం. ఒక్క దారే అడిగాం, గేటు నుంచి బస్టాపు దాకా.

కంప కొట్టారు. తొమ్మిది దీపాలు పెట్టారు. ఫుట్‌పాత్ ఇంకా రాలేదు, దానికోసం మళ్లీ అర్జీ రాస్తున్నాం. అత్తయ్య మాత్రం శనివారం గుడికి నా చెయ్యి పట్టుకుని నడిచే వస్తున్నారు.