తెల్ల పంచె మీది పసుపు మరకకు బ్లీచ్ వాడే పద్ధతి

పెళ్లి భోజనంలో పంచె మీద పప్పుచారు ఒలికితే, ఇంటికి రాగానే సబ్బు రుద్దుతాము, పచ్చని మరక కాస్తా ఎర్రబడుతుంది. చాలామంది అక్కడే కంగారుపడి బ్లీచ్ సీసా మూత తీస్తారు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడడం సహజమే. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేయడం ఈ గుణం వల్లనే సాధ్యమవుతున్నది.

బ్లీచ్ రంగును విరుస్తుందే గాని జిడ్డును తీయదు. కనుక ముందుగా మరకకు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, పది నిమిషాలు ఆగి ఉతికి, తడి ఆరకముందే ఎండలో వేయాలి. పసుపు ఎండకు వెలిసే రంగు కాబట్టి కొత్త మరకలు చాలావరకు ఇక్కడే పోతాయి, బ్లీచ్ అవసరమే రాదు.

అప్పటికీ లేత ఛాయ మిగిలితే సోడియం హైపోక్లోరైట్ ఉన్న ద్రవ బ్లీచ్ వాడవచ్చు, అదీ తెల్లని నూలు బట్టకు మాత్రమే. పట్టు, ఉన్ని, సాగే బట్టలు దానికి చెడిపోతాయి, జరీ నల్లబడుతుంది. రంగు బట్టలకు ఆక్సిజన్ బ్లీచ్ పొడి మేలు. బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌ను మాత్రం బట్టల జోలికి రానీయకూడదు. కరగని పలుకు ఆనినచోట చిల్లు పడవచ్చు.

10 మి.లీ. బ్లీచ్‌ను 60 మి.లీ. నీటిలో కలిపి, లోపలి మడత మీద ఒక చుక్క వేసి, నిమిషం తరువాత తెల్లగుడ్డతో అద్ది చూడాలి. తేడా కనబడకపోతే ప్లాస్టిక్ బకెట్‌లో 4 లీటర్ల చన్నీళ్లు పోసి, సీసా మీద వేరే కొలత లేనప్పుడు 60 మి.లీ. బ్లీచ్ కలిపి, ఆ తరువాతే బట్ట వేయాలి. జరీ అంచు పంచె అయితే మరక ఉన్న భాగాన్ని గుప్పిట్లోకి తీసుకుని, మూటలా చేసి, దాని మెడ దగ్గర దారంతో బిగించి కట్టి, ఆ మూటను మాత్రమే ముంచాలి. ఐదు నిమిషాలు చాలు. మరక పోలేదని గంటల తరబడి నానబెడితే నూలు పీచు బలహీనపడి, తరువాతి ఉతుకులో చిరుగుతుంది. తీయగానే మూడు నీళ్లలో బాగా జాడించాలి.

తుప్పు మరకలకు, ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీటి మరకలకు బ్లీచ్ పనికిరాదు. పైగా అవి ముదురుతాయి. వాటికి నిమ్మరసం, ఉప్పు మేలు. అయితే నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వంటివి బ్లీచ్‌తో కలిస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలతోనూ విషవాయువులు వస్తాయి. ఇదంతా తలుపులు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని చేయవలసిన పని. సీసాను ఎండ తగలనిచోట పెట్టాలి. పాతబడితే పస తగ్గుతుంది. కలిపిన నీళ్లు మిగిలితే దాచకుండా తూములో పారబోయాలి.