ఆవులకీ లేగదూడలకీ బద్దల నేల వేయడం ఎలా?

వానాకాలంలో ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఏ పశువుల సాలలోకి వెళ్ళినా దాదాపు ఒకటే పరిస్థితి. పేడా పంచితం కలిసిన బురద, అందులోనే పడుకున్న ఆవు, పక్కన తడి బొడ్డుతో లేగదూడ. గడ్డి పరుద్దామంటే వరిగడ్డి మేతకే చాలదు. అందుకే ఈమధ్య చాలామంది ఫోన్లో వీడియోలు చూసి, నేలంతా సందులు వదిలి బద్దలు పరిచేస్తే పేడ దానంతటదే కిందికి పోతుంది కదా అంటున్నారు. పోతుంది, నిజమే. కానీ ఆవుకి సరిపోయే సందులో దూడ కాలు ఇరుక్కుంటుంది. దూడ కాలికి తగ్గట్టు సందు తగ్గిస్తే ఆవు పేడ కిందికి దిగదు. ఈ చిక్కు తేలకుండా సాల కడితే డబ్బు దండగ. నేను చెప్పేది సగం సగం పద్ధతి: ఆవు పడుకునే చోట గట్టి నేల, దాని వెనక బద్దలు, దూడలకి వేరే గది.

బద్దల నేల ఐర్లండ్, స్కాట్లండ్ లాంటి చోట్ల మాంసం కోసం పెంచే పశువుల సాలల్లో బాగా కనిపిస్తుంది. ఐర్లండ్ పడమటి వైపు వానలెక్కువ, పరుపుకి గడ్డి కరువు. చలికాలమంతా పశువులు లోపలే ఉంటాయి కాబట్టి కాంక్రీటు బద్దలు వేసి, వాటి కింద లోతైన తొట్టి కడతారు. చలికాలంలో పేడనీళ్ళు పొలానికి తోలకూడదని అక్కడ రూలు, అందుకే ప్రాంతాన్ని బట్టి 16 నుంచి 22 వారాల పేడ నిలవ ఉంచే తొట్టి ఉండాలి. మనకి ఆ రూలూ లేదు, ఆ చలీ లేదు. ఒడిశాలో 1960 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది, మన ఆవులు పాలకీ దుక్కికీ. అయినా ఒక పోలిక ఉంది. అక్కడ మాంసపు ఆవుల దూడలు తల్లి దగ్గరే తాగి పెరుగుతాయి. మన నాటు ఆవు కూడా దూడ లేనిదే చేపదు. కాబట్టి తల్లీబిడ్డా ఒకే సాలలో ఉండాల్సిందే. ఇంకో సంగతి, అక్కడ కూడా మంచి రైతులు పసిదూడని ఉత్త బద్దల మీద ఉంచరు. రెండు వారాల లోపు దూడకి పరుపు తప్పనిసరి అని యూరప్ నిబంధనే ఉంది.

ముందు కొలతలు

మేస్త్రీని పిలిచే ముందే టేపు పట్టుకుని ఆవు దగ్గరికి వెళ్ళండి. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఒక ఆవుకి కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట 7 చదరపు మీటర్లు కావాలి. పసిదూడకి కప్పు కింద 1, బయట 2 చదరపు మీటర్లు. నాలుగు ఆవులూ వాటి దూడలూ ఉన్న ఇంటికి 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు సాల సరిపోతుంది. పొడవులో 16 అడుగులు ఆవులకి, తలా 4 అడుగుల లెక్కన. మిగిలిన 8 అడుగులు దూడల గదికి.

వెడల్పులో ముందు 2 అడుగులు మేత గాడి, తర్వాత ఆవు నిలబడి పడుకునే గట్టి నేల, దాని వెనక 3 అడుగుల బద్దల పట్టీ, మిగిలింది మనం నడిచే దారి. ఈ గట్టి నేల పొడవే అన్నిటికన్నా ముఖ్యం. ఆవు రొమ్ము దగ్గర్నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి జానెడు కలపండి. జెర్సీ క్రాస్ ఆవుకి అయిదున్నర అడుగులు పడుతుంది. మోటు, ఘుముసరి లాంటి చిన్న జాతులకి అంత అక్కర్లేదు. నేల మరీ పొడుగైతే ఆవు తను పడుకునే చోటే పేడ వేస్తుంది, బద్దలు వేసిన ప్రయోజనమే ఉండదు. మరీ పొట్టిదైతే వెనక కాళ్ళు రోజంతా బద్దల మీదే నానతాయి. మందలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటే ఆ వెనక గీతని కాస్త ఏటవాలుగా తీసుకోండి. పెద్దది ఓ చివర, చిన్నది ఇంకో చివర కట్టుకోవచ్చు.

సాల పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండాకాలం ఎండ లోపలికి తక్కువ పడుతుంది. గట్టి నేలకి బద్దల వైపు 40 అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వండి, అంటే అయిదున్నర అడుగుల్లో సుమారు అంగుళంన్నర. అంతకన్నా ఎక్కువ వాలు ఇస్తే చూలు ఆవులకి ఇబ్బంది. సిమెంటు నున్నగా తిప్పనివ్వకండి. తడిగా ఉన్నప్పుడే చీపురుతో గరుకు గీతలు గీయించాలి.

బద్దలు దేనివి?

చెక్కల్లో నా ఓటు ముదురు తాటికే. తాటికి చేవ బయటి వైపు ఉంటుంది, లోపలంతా మెత్తటి పీచు. కాబట్టి మిల్లులో కోయించేటప్పుడు అంచు పలకలే తీసుకోండి, నడిమిది పొయ్యిలోకి. 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉండాలి, కింద ప్రతి రెండడుగులకీ ఒక దూలం ఆసరా కావాలి. సరుగుడు కూడా పనికొస్తుంది, కానీ తడిలో తొందరగా పుచ్చుతుంది. అడవి కలప జోలికి పోకండి. కొన్న కలపకైనా బిల్లు దగ్గర పెట్టుకోండి, పాతపట్నం మీదుగా ఇటు తెచ్చేటప్పుడు చెక్‌పోస్టులో అడిగితే చూపించాలి.

వెదురు చవకే. మేకల సాలకి బాగుంటుంది కూడా. ఆవు కిందికి మాత్రం వద్దు. గుండ్రంగా జారుతుంది, కణుపుల దగ్గర సందు ఒకలా, మధ్యలో ఇంకోలా వస్తుంది, చీలితే అంచు కత్తిలా కోస్తుంది.

సిమెంటు బద్దలు కావాలంటే కంచె స్తంభాలు పోసేవాళ్ళే పోసిస్తారు. వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉన్న స్తంభాలనే అడ్డంగా పరిచేద్దాం అనుకుంటారు చాలామంది. కంచె స్తంభం నిలువుగా నిలబడటానికి పోసింది, నడిమిన ఆవు కాలు మోపితే ఆ బరువు మోయడానికి కాదు. అడ్డంగా పరిచిన బద్ద విరిగేది అడుగు వైపు నుంచి, కాబట్టి ఇనుము అడుగునే ఉండాలి. 5 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందంతో, అడుగున 8 మిల్లీమీటర్ల కడ్డీలు రెండు వేసి పోయమని చెప్పండి, పై వైపు ఏదో గుర్తు పెట్టించండి. తిరగేసి పరిస్తే ఇనుమున్నా లేనట్టే. మూడు వారాలు తడి ఆరకుండా నీళ్ళు కొట్టాకే సాలలోకి తేవాలి.

సందు ఎంత?

బయటి దేశాల్లో పెద్ద ఆవులకి 35 నుంచి 40 మిల్లీమీటర్ల సందు వదులుతారు. అవి ఆరొందల కిలోల ఆవులు, వాటి గిట్టలూ అంతంత ఉంటాయి. మన ఆవులకి అది ఎక్కువ. జెర్సీ క్రాస్‌కి 30 మిల్లీమీటర్లు, చిన్న నాటు ఆవులకి ఒక అంగుళం చాలు. దూడల గదిలో ఎట్టి పరిస్థితిలోనూ అంగుళం దాటకూడదు.

నమ్మకం కుదరకపోతే దూడ ముందుకాలు ఒక అట్టముక్క మీద పెట్టించి గిట్ట చుట్టూ పెన్సిల్‌తో గీయండి. ఆ గీతలో అన్నిటికన్నా వెడల్పైన చోట కొలవండి. సందు అందులో సగానికి మించకూడదు. కొలత ఖాయమయ్యాక అదే మందంతో రెండు చెక్కముక్కలు కోసి వడ్రంగి చేతికివ్వండి. ప్రతి బద్దకీ రెండు చివర్లా ఆ ముక్కలు పెట్టి ఆనించి బిగించి, ముక్కలు తీసేసి తర్వాతి బద్దకి వెళ్ళాలి. కంటి అంచనాతో బిగిస్తే పదో బద్దకి వచ్చేసరికి సందు వేలెడు తేడా వస్తుంది.

బద్దలు ఆవు అడుగు వేసే దిక్కుకి అడ్డంగా ఉండాలి. గిట్ట పొడవునా సందు వస్తే కాలు దిగిపోతుంది. పై అంచులు రందాతో ఒక్కసారి లాగి మొన తీసేయండి, మరీ గుండ్రం చేయకండి. మేకుల తలలు పైకి రాకూడదు, కింది నుంచి బోల్టు బిగిస్తే ఇంకా మంచిది. ఒక్కో మూడడుగుల చట్రం విడిగా ఎత్తేలా చేయించండి, లేకపోతే కింద కాలువ శుభ్రం చేయడం నరకం. అంతా అయ్యాక ఇద్దరు బరువైన మనుషులు ఒకే బద్ద మీద నిలబడి ఊగి చూడాలి. కిర్రుమంటే అక్కడ దూలం ఇంకోటి వేయించండి.

చెదలకి భయపడి కొందరు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. ఆవుల వైపు బద్దలకి అడుగున పూస్తే పూయండి. దూడల గదిలో వద్దే వద్దు, దూడ కనిపించిందల్లా నాకుతుంది.

దూడల గది

8 అడుగులకి 6 అడుగులు. నేల మీద అడుగెత్తున బద్దల చట్రం, దాని మీద గడ్డి. బద్దలున్నది పంచితం కిందికి దిగి గడ్డి పొడిగా ఉండటానికే, దూడ వాటి మీద ఉత్తగా పడుకోవడానికి కాదు. మొదటి మూడు వారాలు జానెడు మందం గడ్డి ఉండాలి. మేత గాడిలో ఆవు వదిలేసిన కాడలు ఆరబెట్టి వాడుకోవచ్చు, ఊక మాత్రం సందుల్లోంచి రాలిపోతుంది. పరుపు పొడిగా ఉందో లేదో చూడటం తేలిక: మోకాళ్ళ మీద పది సెకన్లు కూర్చుని లేవండి, లుంగీకి తడి అంటితే గడ్డి మార్చాల్సిందే. అప్పుడు బొడ్డు వాపులూ కీళ్ళ వాపులూ తగ్గుతాయి.

మోహన, ఆర్.ఉదయగిరి లాంటి కొండ ఊళ్ళలో పుష్యమాసపు చలికి బద్దల కింది నుంచి గాలి కొడుతుంది. చట్రం చుట్టూ మూడు వైపులా గోనెపట్టాలు దించండి, నాలుగో వైపు వదిలేయాలి. తల్లి కనబడేలా మధ్య గోడ కర్రలతోనే కట్టండి, లేకపోతే రాత్రంతా రెండూ అరుస్తూనే ఉంటాయి.

ఆవుల్ని కట్టకుండా వదిలి పెంచేవాళ్ళైతే దూడ మాత్రమే దూరే దారి పెట్టుకోవాలి. దూడ ఛాతీ వెడల్పుకి నాలుగు వేళ్ళు కలిపి సందు, మూడడుగుల ఎత్తులో పైన అడ్డకర్ర. దూడ పెరిగేకొద్దీ జరుపుకునేలా ఒక నిలువుకర్రని తాడుతో కట్టండి. తల్లి కొమ్ములు ఇరుక్కునే అవకాశం ఉందేమో ఒకసారి దగ్గరుండి చూసుకోండి.

ఈనే ఆవుని బద్దల మీద ఉంచకూడదు. ఈనడానికి రెండు వారాల ముందే గడ్డి పరిచిన వేరే చోటికి మార్చాలి. ప్రమాణం 12 చదరపు మీటర్లు, పదడుగులకి పదడుగుల చోటు దొరికినా సర్దుకోవచ్చు. కొత్తగా పుట్టిన దూడ లేవబోయి జారితే కాళ్ళు రెండు పక్కలకీ చీలతాయి. బొడ్డుకి టింక్చర్ అయోడిన్ అద్ది, గంటా రెండు గంటల్లో ముర్రుపాలు తాగించండి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు పడాలి. మాయ పడ్డాకే పాలు పట్టాలని ఇంకా కొందరు ఆపుతుంటారు, ఆపకండి.

కింద ఏం చేయాలి?

తొట్టి కట్టకండి. బద్దల కింద అడుగున్నర లోతు సిమెంటు కాలువ చాలు, వాలుగా బయటి గుంటలోకి. పొద్దున్నా సాయంత్రం రెండు బిందెల నీళ్ళు కొట్టి పారతో తోసేస్తే గెత్తం గుంటకో, గోబర్ గ్యాస్‌కో పోతుంది. రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్‌కి రోజుకి 50 కిలోల పేడ కావాలి, నాలుగైదు పశువులుంటే సరిపోతుంది. పేడకి సమానంగా నీళ్ళు, అంతకన్నా ఎక్కువ పోస్తే గ్యాస్ తగ్గుతుంది.

ఎవరైనా లోతైన మూత తొట్టి కట్టేసి ఉంటే ఒక్క మాట వినండి. నిలవ పేడని కలిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పైకి లేస్తుంది. ముందు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ఆ వాసన పసిగట్టే శక్తే పోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. కలిపే ముందు పశువులన్నిటినీ బయటికి తోలాలి, మొదలుపెట్టాక కనీసం అరగంట ఎవరూ దగ్గరికి పోకూడదు. పడిపోయినవాణ్ణి లాగడానికి ఇంకొకరు దిగడం అసలు వద్దు.

పాముల భయం ఉన్నవాళ్ళు కాలువ బయటి మూతికి ఇనుప జాలీ బిగించుకోండి. ఎలుక రాకపోతే పాము కూడా రాదు, దాణా బస్తాలు సాలలో పెట్టకండి.

ఆవే చెబుతుంది

కొత్త నేల మీదికి తోలిన మొదటి వారం ఆవు లేచే తీరు చూడండి. మామూలుగా ఆవు వెనక భాగం ముందు ఎత్తి, తర్వాత ముందుకాళ్ళు నిలుపుతుంది. నేల జారుతుంటే కుక్కలా కూర్చుని ముందుకాళ్ళు ముందు నిలిపి, తర్వాత వెనక భాగం ఎత్తుతుంది. అలా కనిపిస్తే రబ్బరు మ్యాట్ వేయాలి, లేదా సిమెంటుకి మళ్ళీ గాట్లు పెట్టించాలి. పడుకోవడానికి వంగి వంగి మానేసినా, మోకాళ్ళు వాచినా, గిట్టల మధ్య కుళ్ళు వాసన వచ్చినా మీ ఎల్.ఐ. బాబుని, అంటే పశువుల ఇన్‌స్పెక్టర్‌ని, పిలవండి.

దూడని మూడు నెలలు దాటాక, గిట్ట గట్టిపడ్డాక పగటిపూట ఆవుల వైపు అలవాటు చేయవచ్చు. రాత్రికి మళ్ళీ దాని గదికే.

కప్పు గురించి ఒకటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో ఎంత నష్టం జరిగిందో అందరికీ గుర్తే. రేకుల్ని జె-బోల్టులతో బిగించి, స్తంభాల్ని రెండున్నర అడుగుల లోతు కాంక్రీటులో నిలబెట్టండి. తుపాను కబురు వస్తే కట్లు విప్పేసి పశువుల్ని ఆరుబయట మెరక మీదికి తోలండి, రేకుల కింద కట్టేసి ఉంచకండి. నీళ్ళు తీశాక బద్దల చట్రాలన్నీ ఎత్తి, కాలువ కడిగి, సున్నం చల్లి, ఎండలో ఒక రోజు ఆరనిచ్చాకే దూడల్ని లోపలికి తేవాలి.