రిపోర్టులన్నీ నార్మల్, అయినా గుండె బీటు తప్పుతోందా? ఇలా చేయండి

ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, రక్తపరీక్షలూ బాగున్నాయి. డాక్టరు "ఏమీ లేదు, టెన్షన్ పడకండి" అని పంపించేశారు. తీరా రాత్రి మంచమెక్కేసరికి లోపల ఎవరో తన్నినట్టు ధడేల్. ఒక్క క్షణం అంతా ఆగిపోయినట్టు, మళ్ళీ ధడేల్. అలాంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

నాకూ ఏళ్ళుగా ఇదే బాధ అని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే తిరుపతిలో ఎవరికి బీటు తప్పినా ఫైలు చంకన పెట్టుకుని మా అరుగు దగ్గరికి వస్తారు. నేను డాక్టర్ని కాను. కానీ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఒకేచోట చెడగొట్టుకుంటున్నారు. అది కింద మూడోది. మిగతావి గబగబా ముగించి అక్కడికి వద్దాం.

1. పరీక్షలు నిజంగా అయ్యాయా?

"అన్నీ చేయించేసినాం సామీ" అంటారు. ఫైలు తెరిస్తే ఒక ఈసీజీ, ఒక షుగరు. అన్నీ అంటే ఈసీజీ, ఎకో (గుండె స్కాను), 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ రికార్డు చేసే చిన్న యంత్రం), డాక్టరు అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే ఈసీజీ). రక్తంలో హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం. ఒంట్లో రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. వాటికి మందుంది, ఊరికే భరించక్కర్లేదు.

ఈసీజీ పట్టుకునేది పది సెకన్లు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ పది సెకన్లలో తప్పకపోతే కాగితం మీద ఏమీ కనబడదు. అందుకే హోల్టర్. అది తగిలించుకున్న రోజు ఇంట్లో కదలకుండా పడుకోకండి. ఆఫీసుంటే ఆఫీసుకి, అంగడి ఉంటే అంగడికి వెళ్ళండి. తప్పినట్టు అనిపించిన ప్రతిసారీ టైము రాసిపెట్టండి. ఆ టైములు లేకపోతే రికార్డులో కనబడ్డదీ మీకు అనిపించిందీ ఒకటేనో కాదో తేలదు.

రిపోర్టు వచ్చాక డాక్టరును మూడు అడగండి. ఈ అదనపు బీట్లు (బీటు తప్పినట్టు అనిపించేది వీటివల్లే, ఎలాగో మూడోదాంట్లో చెబుతా) గుండె పై గదుల నుంచి వస్తున్నాయా, కింది గదుల నుంచా? మొత్తంలో ఎంత శాతం? నేను మెట్లెక్కొచ్చా, పరిగెత్తొచ్చా? కింది గదుల నుంచి వచ్చేవి పది శాతం దాటితే "ఏమీ లేదు" అనుకుని ఇంటికొచ్చేయడం కుదరదు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే కొందరిలో గుండె కండరం నీరసిస్తుంది కాబట్టి ఎకో అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించుకున్నా, వెల్లూరు ఆసుపత్రికి వెళ్ళినా ఈ మూడింటికీ జవాబు తెచ్చుకోకుండా గది దాటొద్దు.

2. ఆలోచించకుండా బయల్దేరాల్సినవి

కళ్ళు తిరిగి పడిపోవడం, లేదా పడిపోబోవడం. ఛాతీలో బరువు, నొప్పి, అది చెయ్యికో దవడకో పాకడం. ఊరికే కూర్చున్నా ఆయాసం. దడ ఒక్కసారిగా మొదలై నిమిషాల తరబడి ఆగకుండా పరిగెత్తడం. వీటిలో ఏది వచ్చినా 108. నడుస్తుంటే బీట్లు తప్పడం ఎక్కువవుతున్నా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, ఆ వారంలోనే కార్డియాలజిస్టు దగ్గర ఉండాలి. ఇదంతా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకి అంటించండి. మూడోది ఈ కాగితం ఉంటేనే నడుస్తుంది.

సామాను: వంద పేజీల నోటుపుస్తకం, పెన్ను. అంతే.

3. బీటు తప్పిన ఆ క్షణంలో

ఏం చేయాలి? దాదాపు ఏమీ చేయకూడదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, చేయబోతే తెలుస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి. ఒక బీటు తన వంతు రాకముందే వచ్చేస్తుంది. అప్పటికి గుండె గదుల్లో రక్తం నిండి ఉండదు కాబట్టి అది చాలామందికి తెలియనే తెలియదు. తర్వాత చిన్న విరామం. ఆ విరామంలో రక్తం మామూలుకంటే ఎక్కువ చేరుతుంది, దాంతో తర్వాతి బీటు గట్టిగా కొడుతుంది. అలిపిరిలో కొండకు పోయే బస్సు టైముకు ముందే వచ్చి సగం ఖాళీగా వెళ్ళిపోతే, వెనక బస్సు కాలు పెట్టే చోటు లేకుండా కదులుతుంది చూడండి, ఇదీ అంతే. మీరు "ఆగిపోయింది" అనుకున్నది ఆ విరామం. "తన్నింది" అనుకున్నది నిండుగా వచ్చిన మామూలు బీటు. ముందుగా వచ్చేసిన ఆ బీటునే డాక్టర్లు ఎక్టోపిక్ అంటారు. ఏ జబ్బూ లేనివాళ్ళకు హోల్టర్ పెట్టినా చాలామందిలో ఇవి కనబడతాయి, వాళ్ళకు తెలియదంతే.

ఇప్పుడు అసలు సంగతి. బీటు తప్పగానే కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీదికి పోతాయి. పోనివ్వకండి. నాడి పట్టుకుని ఇంకోటి తప్పుతుందా అని ఎదురుచూస్తే భయం పుడుతుంది, భయంతో ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది ఎక్టోపిక్‌లను ఎగదోస్తుంది. ఎదురుచూసినది వస్తుంది. వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. చిత్తూరు నుంచి వచ్చిన ఒకాయన నాతో మాట్లాడినంతసేపూ మెడ మీద రెండు వేళ్ళు ఆనించుకునే ఉన్నాడు. వేళ్ళు తీసినప్పుడు చూశా, దవడ కింద చర్మం నల్లగా కమిలిపోయింది.

చేతిలో ఉన్న పని వదలకండి. ఉల్లిపాయ తరుగుతుంటే ఆ ఉల్లిపాయ పూర్తి చేయండి. మాట్లాడుతుంటే మాట మధ్యలో ఆపకండి. అందరూ అక్కడే ఆపుతారు, చూపు ఓ పక్కకి పోతుంది, ఇంట్లోవాళ్ళు "ఏమైంది?" అని లేస్తారు, ఇక ఇల్లంతా మీ నాడి పట్టుకున్నట్టే. అనాల్సింది అనేశాక, మనసులో ఒక్కటే ప్రశ్న: బీరువా తలుపు మీది కాగితంలో ఉన్నదేదైనా ఇప్పుడు నాకుందా? ఉంటే 108. లేకపోతే అక్కడితో సరి. ఆ ప్రశ్న రెండోసారి అడగొద్దు. రెండోసారి అడిగేది మీరు కాదు, మీ భయం.

ఊపిరి మీద ధ్యాస పెట్టమని అందరూ చెబుతారు. నాలుగైదు నిదానమైన ఊపిర్లు, లోపలికి పీల్చినదానికంటే బయటికి వదిలేది ఎక్కువసేపు, అంతవరకు మంచిదే. అరగంట ప్రాణాయామం చేస్తూ నడుమ నడుమ "తగ్గిందా?" అని లోపలికి తొంగి చూడటం మాత్రం నాడి పట్టుకోవడమే, పేరు మారిందంతే. దగ్గడం, ఛాతీ చరుచుకోవడం, చన్నీళ్ళు గటగటా తాగడం కూడా అలాంటివే. చేసినా చేయకపోయినా అది తగ్గేదే. కానీ నీళ్ళవల్లే తగ్గిందని మనసుకి ఎక్కిందంటే రేపట్నుంచి సీసా లేకుండా గడప దాటలేరు.

భయం తగ్గాక చేద్దాంలే అనుకుంటే ఎప్పటికీ చేయరు. భయం ఉండగానే ఉల్లిపాయ తరగాలి. మొదట్లో చెయ్యి వణుకుతుంది, తరగండి. కొన్ని వారాలు పోతే బీట్లు తప్పుతూనే ఉంటాయి, మీరు గమనించేవి తగ్గుతాయి.

కరోనా నాటి ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి. బీటు విడిచి బీటు తప్పే సమయంలో, ముందుగా వచ్చిన బలహీనమైన బీటు వేలిదాకా అందకపోవచ్చు. గుండె 80 కొడుతున్నా తెర మీద 40 చూపిస్తుంది. రాత్రి పదకొండింటికి 40 చూసినవాడికి ఇంక నిద్రేం పడుతుంది? వెలుతురుతో నాడి చూసే వాచీలదీ ఇదే తంతు. ఈసీజీ తీసే వాచీ వేరు, అందులో పట్టిన ముక్క డాక్టరుకి చూపించడానికి పనికొస్తుంది. అయినా పడుకునేముందు ఏ వాచీ అయినా తీసేయాల్సిందే. ఇందులో నా దగ్గర మినహాయింపు లేదు.

"అంతా గ్యాస్ సామీ, సోడా తాగు" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. కడుపు బిర్రుగా ఉన్నప్పుడు బీట్లు ఎక్కువ తెలుస్తాయన్నది నిజమే. కానీ ఇదే నోటితో ఛాతీ నొప్పిని కూడా గ్యాస్ అంటారు, అక్కడే ప్రాణాలు పోతాయి. వాళ్ళ మాట రెండు చోట్లా వినకండి.

4. రాత్రి ఒక్క గీత

నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వరస. ఎన్ని గంటలు నిద్ర, కాఫీలు ఎన్ని, బీట్లు తక్కువా మామూలా ఎక్కువా. సంఖ్య రాయొద్దు. లెక్కపెట్టడం మొదలుపెడితే మూడోదంతా గంగపాలు. ఫోన్‌లో యాప్‌లున్నాయి కదా అంటారు. యాప్ గ్రాఫు గీస్తుంది, గ్రాఫుని గంటకోసారి చూస్తారు. పుస్తకం మూసేస్తే మూసుకుంటుంది.

5. కాఫీ, మాత్రలు, నిద్ర

2023లో అమెరికాలో వంద మంది ఆరోగ్యవంతులతో కాఫీ తాగించిన రోజులూ, మాన్పించిన రోజులూ పోల్చి చూశారు. పై గదుల బీట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కింది గదులవి మానిన రోజు సగటున 102 ఉంటే తాగిన రోజు 154. నిద్ర అరగంటకు పైగా తగ్గింది. నా నియమం: పొద్దున ఒక ఫిల్టర్ కాఫీ, మధ్యాహ్నం మూడు దాటాక చుక్క కూడా వద్దు. సిగరెట్టు, మందు సంగతి మీకే తెలుసు. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందు, ఆయాసానికిచ్చే సాల్బుటమాల్, డెరిఫిలిన్ దడ పెంచుతాయి. అలాగని ఆయాసం మందు మీరే మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

రాత్రి భోజనం ఎనిమిదికల్లా అయిపోవాలి. సంకటి ముద్ద రాత్రికి సగమే. పడుకోవడం కుడిపక్కకి. ఎడమపక్కకి తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వచ్చి ప్రతి కదలికా తెలుస్తుంది.

పక్కింటివాళ్ళ దడ మాత్ర అడిగి వేసుకోకండి. ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదం. "బీట్లు పూర్తిగా పోయే మందు డాక్టరు ఎందుకివ్వడు?" అని గొణుగుతారు. 1980లలో అమెరికాలో కాస్ట్ అనే పెద్ద పరీక్షలో, గుండెపోటు వచ్చినవాళ్ళకు సరిగ్గా అలాంటి మందులిచ్చారు. బీట్లు తగ్గాయి, చావులు పెరిగాయి. 1989లో ఆ పరీక్షలో ఆ మందులివ్వడం ఆపేశారు. అప్పట్నుంచి డాక్టర్లు ఒట్టి ఎక్టోపిక్‌లకు మందు రాయడానికి తొందరపడరు.

6. నడక

డాక్టరు సరేనన్నాక నడవండి. యూనివర్సిటీ గ్రౌండులో అరగంట, సాయంత్రం. పొద్దున నడిచేవాళ్ళు నాతో వాదిస్తారు, వాదించనీ. నడుస్తున్నప్పుడు గుండె వేగం పెరిగి ఈ బీట్లు చాలామందిలో మాయమవుతాయి. ఆగి బెంచీ మీద కూర్చోగానే మళ్ళీ మొదలవుతాయి. అక్కడ భయపడి చాలామంది నడకే మానేశారు. ఒక్కసారిగా ఆగకుండా చివరి ఐదు నిమిషాలు నిదానంగా నడిచి అప్పుడు కూర్చోండి.

కొండ మెట్లు వేరే లెక్క. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గాలిగోపురం దాకా ఊపిరి సలపనివ్వదు. శ్రీవారి మెట్టు 2,388, దారి పొట్టిది కానీ నిటారు. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు నడిచి రావద్దని టీటీడీ కూడా చెబుతుంది. మీకు జబ్బు లేదని, ఎక్కొచ్చని డాక్టరు నోటితో విన్నాకే మొక్కు తీర్చుకోండి. అంతవరకు బస్సులో పోయినా స్వామి ఏమీ అనుకోడు.

7. ఫైలు

నెలకో ఈసీజీ తీయించుకోవడం మానేయండి. మళ్ళీ ఎప్పుడు రావాలో డాక్టరునే అడిగి, ఆ తేదీ నోటుపుస్తకం అట్ట మీద రాయండి. రెండో దాంట్లో ఉన్నదేదైనా వస్తే తప్ప మధ్యలో వెళ్ళక్కర్లేదు. వెళ్ళేటప్పుడు ఫైలంతా మోయకండి. చివరి ఎకో, హోల్టర్ మొదటి పేజీ, బీటు తప్పినప్పుడు పట్టిన ఈసీజీ ఒకటి ఉంటే అది. ఈసీజీ కాగితం మీద అచ్చు వేడితో పడేది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మన ఎండల్లో వదిలేస్తే కొన్నాళ్ళకు గీతలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. తీసిన రోజే జిరాక్స్ చేయించండి.