డిస్నీ వరల్డ్‌లో తిండి ఖర్చు ముందే లెక్కేసుకోండి

ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి టికెట్లు కొన్నాక చాలామంది తిండి లెక్క వదిలేస్తారు, బడ్జెట్ దాటేది అక్కడే. రెస్టారెంట్ల మెనూలు ధరలతో సహా డిస్నీ యాప్‌లోనే ఉంటాయి, ఇంట్లోనే చూసి ఏ రోజు ఎక్కడ తింటారో రాసుకోండి. కూర్చుని తినే చోట ఆ ధర మీద 6.5 శాతం ట్యాక్స్, దాదాపు 20 శాతం టిప్ కలపాలి. ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది వెళ్తే 18 శాతం టిప్ బిల్లులోనే వేసేస్తారు, చూసుకోకుండా మళ్లీ ఇవ్వకండి. బఫేల్లో పిల్లల ధర 3 నుంచి 9 ఏళ్ల వరకే.

మిక్కీ టేబుల్ దగ్గరికొచ్చి పలకరించే భోజనం ఖరీదే, అయినా ఒక్కపూట పెట్టుకోండి, పిల్లలకి అదే గుర్తుంటుంది. బయటి తిండి లోపలికి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరవు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే పులిహోర కట్టుకెళ్లడమే మేలు. నీళ్ల బాటిళ్లు కొనకండి, డ్రింక్స్ పోసిచ్చే కౌంటర్లో అడిగితే ఐస్ వాటర్ ఉచితంగా ఇస్తారు.