గోపాల్‌పూర్ పాత రేవు దాకా నడిచే ముందు

దసరా సెలవులు వచ్చాయంటే ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే బస్సులు, ఆటోలు కిక్కిరిసిపోతాయి. దూరం 16 కిలోమీటర్లే. వచ్చినవాళ్లు కాసేపు ఇసుకలో కూర్చుని, ఆ తరువాత పిల్లల్ని వెంటబెట్టుకుని లైట్‌హౌస్ వైపు నుంచి పాత జెట్టీ మొండి స్తంభాలు చూడడానికి బయలుదేరతారు. చెప్పులు చేతిలో ఉంటాయి, నీళ్ల సీసా గదిలో ఉంటుంది. కాసేపట్లో వచ్చేస్తాం కదా అంటారు. నాకు గుండె గుబేలుమనేది ఆ మాట వింటేనే. వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న ఇసుక, పోటు ఎక్కితే తిరిగి వచ్చేసరికి నీళ్ల కింద ఉంటుంది.

వెళ్లవద్దని నేను అనను. మా తాతగారి అన్న ఈ ఒడ్డు నుంచే రంగం వెళ్లారు. రంగూన్‌ను మనవాళ్లు రంగం అనే పిలిచేవారు. గోపాల్‌పూర్ ఉన్న గంజాం జిల్లా అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా అంతే. ఈ తీరంలో ఓడకు చాటు లేదు, ఒడ్డు దగ్గర లోతు లేదు. అందుకని ఆవిరి ఓడలు దూరాన లంగరు వేసేవి. కూలికి పోయే మనుషుల్ని, బియ్యం బస్తాల్ని మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఓడకు చేర్చేవారు. ఆ పడవ పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాడుతో కుడతారు. కెరటం కొట్టినప్పుడు మేకులు కొట్టిన పలక చీలిపోతుంది. కుట్టిన పలక కాస్త వంగి నిలుస్తుంది. 1942లో జపాన్ సేనలు బర్మాను పట్టుకోవడంతో ఆ ప్రయాణాలు తెగిపోయాయి. దక్షిణాన బారువ దగ్గర చిల్కా అనే ఆవిరి ఓడ ఇప్పటికీ నీటి అడుగున పడి ఉంది. పడవను ఇంత జాగ్రత్తగా కుట్టుకున్నవాళ్లే లెక్క చూసుకుని దిగిన నీళ్లు ఇవి. చూడడానికి వెళ్లే మనకు ఆ లెక్క ఇంకా ఎక్కువ కావాలి.

మొదటి లెక్క కాలానిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి కెరటాలు బలంగా ఉంటాయి. ఆ నాలుగు నెలలూ దూరం నుంచి చూస్తే చాలు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, మన సెలవులు పడేదీ అప్పుడే. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను వానలతో ముంచింది. తుఫాను ఎక్కడో నడిసముద్రంలో ఉండగానే దాని కెరటాలు ముందుగా ఒడ్డుకు చేరతాయి. ఆకాశం నీలంగా ఉంటుంది, ఎండ కాస్తుంది, కెరటం మాత్రం ఒక్కసారిగా ఎత్తు లేస్తుంది. కాబట్టి ఆకాశాన్ని నమ్మి బయలుదేరవద్దు. రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో ఉదయం వార్తల్లో చూడండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన కెరటాల హెచ్చరికలు ఇస్తుంది, అదీ చూడండి. ఏ నంబరు ఎగరేసి ఉన్నా ఆ రోజు నడక మానుకోండి. ఒకటో నంబరు అయినా సరే. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న రోజులు మంచివి.

రెండో లెక్క పోటుపాట్లది. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, అంటే నీళ్లు ఎక్కడం, రెండుసార్లు పాటు, అంటే దిగడం. ప్రతి రోజూ ఆ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న సాయంత్రం ఐదింటికి వెళ్లివచ్చిన మా వాళ్లకు ఏమీ కాలేదు, మనమూ ఐదింటికే వెళ్దాం అనుకుంటే లెక్క తప్పుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తరువాత ఒకటి రెండు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. పాటు బాగా దిగిన వేళ స్తంభాలు బాగా కనిపిస్తాయని జనం సరిగ్గా ఆ రోజులే ఎంచుకుంటారు. ఎంచుకోండి, కానీ నీళ్లు ఇంకా దిగుతుండగానే వెళ్లి, ఎక్కడం మొదలుకాక ముందే వెనక్కి రండి. దారిలో ఉప్పుటేరు పాయ ఏదైనా తగిలితే, వెళ్లేటప్పుడు చీలమండ లోతు ఉన్నది వచ్చేటప్పుడు నడుము లోతు కావచ్చు. దాన్ని దాటి అవతలికి పోకండి.

వేళ తెలుసుకోవడానికి అందరికన్నా మంచి దారి ఒకటుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నోలియా పెద్దల్లో, అంటే ఇక్కడి జాలర్లలో, ఎవరినైనా అడగండి. ఇంట్లో వాళ్లు మాట్లాడేది తెలుగే. "తాతా, నీళ్లు ఎప్పుడు తిరుగుతాయి?" అంటే చాలు, సముద్రాన్ని ఒకసారి చూసి చెబుతారు. వద్దు అంటే ఎందుకని వాదించకండి.

ఇక స్తంభాల సంగతి. నేను అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. రెండేళ్ల కిందట మా మేనల్లుడు ఒక స్తంభం పక్కన నిలబడి ఫొటో దిగాలనుకున్నాడు. నీళ్లు మోకాలి కిందే ఉన్నాయి, అడుగున ఇసుక కూడా కనిపిస్తోంది. చివరి అడుగు స్తంభాన్ని ఆనుకుని వేశాడు. అక్కడ ఇసుక లేదు. ఛాతీ దాకా దిగిపోయాడు. పట్టు కోసం రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకున్నాడు. వెనక వచ్చిన కెరటం వాణ్ని పైకి లేపి, దిగుతూ కిందికి ఈడ్చింది. స్తంభానికి అంటుకుని పెరిగిన తెల్లటి గుల్లలు రంపపు పళ్లలా ఉంటాయి. మోచేతుల నుంచి అరచేతుల దాకా చర్మం చీరుకుపోయింది. నేను తువ్వాలు విసిరి ఒక కొన పట్టుకుంటే, ఒక నోలియా యువకుడు పరుగున వచ్చి వాణ్ని ఒడ్డుకు లాగాడు. తరువాత ఆయనే చూపించాడు: కెరటం స్తంభాన్ని కొట్టి రెండు వైపులా సుడి తిరుగుతూ, దాని అడుగున ఉన్న ఇసుకను తవ్వేస్తుంది. ఆ గుంట పైనుంచి చూస్తే తెలియదు, నురుగు కప్పేస్తుంది. అందుకే ఏ స్తంభానికైనా కనీసం రెండు నిలువుల దూరంలో ఆగండి. ఎక్కడం మాట తలపెట్టకండి. తుప్పు పట్టిన ఇనుము పైకి గట్టిగా కనిపించినా లోపల పొరలు పొరలుగా ఊడి ఉంటుంది.

కెరటాలు విరగకుండా నడుమ ఒక చోట నీళ్లు ప్రశాంతంగా, కాస్త మురికిగా కనిపిస్తే పిల్లలు అక్కడే దిగుదామంటారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయేది ఆ పాయలోంచే. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. తేలుతూ, చెయ్యి ఎత్తి పిలుస్తూ, తీరానికి పక్కగా ఈది పాయ దాటాక కెరటాలతో పాటు ఒడ్డుకు రావాలి. మునిగేవాళ్ల కోసం వెంటనే దూకవద్దు. కొబ్బరి తాడు, ఖాళీ డబ్బా, ఏదైనా సరే విసరండి.

కాళ్లకు పట్టీ ఉన్న, గట్టి అడుగు ఉన్న చెప్పులు వేసుకోండి. ఇసుకలో పాత నైలాన్ వలలు, విరిగిన తెప్పల ముక్కలు, మేకులు కూరుకుని ఉంటాయి. పైన మొగలి పొదల ఆకుల అంచులు ముళ్లే. పువ్వు కోసం చెయ్యి పెట్టేవాళ్లకు చెబుతున్నాను. గుల్ల కోసినా, ఇనుము గుచ్చుకున్నా మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడిగి, అదే రోజు ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి. జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దకూడదు. సముద్రపు నీళ్లే పోసి కడగాలి. వలలోంచి బయట పడేసిన పాము చచ్చినట్టే ఉన్నా ముట్టుకోకండి, సముద్రపు పాములు విషమైనవి.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ వైపు ఒడ్డున ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వేలాదిగా ఎక్కుతాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఒడ్డున టార్చి వేయకండి, వాటికి అడ్డు నిలబడకండి.

పాత మేకు, పింగాణీ ముక్క, ఇనుప కడియం కనబడితే చూసి అక్కడే వదిలేయండి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. చట్టం మాట అటుంచి, రంగం వెళ్లినవాళ్ల గుర్తుగా ఇక్కడ మిగిలింది చాలా కొంచెం.

బయలుదేరే ముందు ఎన్నింటికి తిరిగి వస్తారో గదిలో ఉన్నవాళ్లకు చెప్పండి. ఫోను నీళ్లు చొరబడని సంచిలో పెట్టుకోండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, తీర రక్షక దళానికి 1554. మా ఇంట్లో ఈ మూడు అంకెలూ పిల్లల చేత కూడా కంఠస్థం చేయించాను.