చిన్న ట్యాంకులో చేపలు నిలవట్లేదా?

ముందు ట్యాంకులో నీళ్లెన్నో తేల్చుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 30×20×20 ట్యాంకు లెక్కకి 12 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను మిగిలేది పదికి అటూ ఇటూ. ఇంత తక్కువ నీటిలో వచ్చే తంటాల్లో చాలావాటికి కారణం జబ్బు కాదు, చేప ఎంపిక.

గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తోంది, నీళ్లు రెండు రోజులకే మసకబారుతున్నాయి

షాపులో బొటనవేలంత ఉన్న గోల్డ్‌ఫిష్ 15, 20 సెంటీమీటర్ల దాకా పెరిగే రకం. తిండి ఎక్కువ, వ్యర్థాలూ ఎక్కువే. వాటి నుంచి వచ్చే అమ్మోనియా మొప్పల్ని దెబ్బతీస్తుంది, అందుకే ఊపిరాడదు. షాపువాళ్లు నీలం మందు ఇస్తారు, కానీ అది అమ్మోనియాని తీయదు. పైగా ఫిల్టర్‌లో ఉన్న మేలుచేసే బాక్టీరియాని దెబ్బతీస్తుంది. ప్రస్తుతానికి మేత తగ్గించి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. పెద్ద ట్యాంకున్నవాళ్లకి ఇచ్చెయ్యడమే అసలు పరిష్కారం. పది లీటర్లలో గోల్డ్‌ఫిష్‌కి వేరే దారి లేదు.

ఏ చేప వేసినా వారం పది రోజుల్లో పోతోంది

కొత్త ట్యాంకులో అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఇంకా ఉండదు. అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ పెట్టి, చిటికెడు మేత వేస్తూ చేపల్లేకుండానే నడపండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని టెస్ట్ కిట్ చూపించాకే చేపల్ని తీసుకురండి. ఫిల్టర్‌లోని స్పాంజ్‌ని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. మున్సిపల్ నీళ్లయితే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని పోగొట్టే మందు) తప్పనిసరి.

తోకలు, రెక్కలు చినుగుతున్నాయి

ఫైటర్ (బెట్టా) చేపతో గప్పీలు కలిపారా? రంగురంగుల తోక కనిపిస్తే మగ ఫైటర్ దాన్నీ ఇంకో ఫైటర్ అనుకుని తరమొచ్చు. టైగర్ బార్బ్‌లైతే ఫైటర్ తోకనే కొరుకుతాయి. వెంటనే విడదీయండి, నీళ్లు శుభ్రంగా ఉంటే చినిగిన రెక్క మళ్లీ వస్తుంది.

గప్పీలు లెక్కలేనన్ని అయ్యాయి

ఆడ గప్పీ సుమారు నెలకోసారి పిల్లలు పెడుతుంది. మగవాటిని తీసేసినా, దాచుకున్న వీర్యంతో కొన్ని నెలల పాటు పెడుతూనే ఉంటుంది. మగవాటినే ఉంచుకోండి.

నియాన్ టెట్రాలు వెలిసిపోతున్నాయి

మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువ. నియాన్‌లకి అవి తక్కువుండే మెత్తని నీళ్లు కావాలి. బోరు నీళ్లే ఉంటే గప్పీలు మేలు.

నాచు తింటుందని సక్కర్ చేపని మాత్రం కొనకండి. అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక చెరువులో వదిలితే ఇంకా ప్రమాదం, ఆంధ్రలో చేపల రైతుల్ని ఏడిపిస్తున్నది ఈ జాతే.

మరి ఏం పెంచాలి?

పది లీటర్లకి చెర్రీ ష్రింప్ (చిన్న ఎర్ర రొయ్యలు), నత్తలు చాలు. ఇరవై లీటర్లుంటే ఒకే ఒక్క ఫైటర్, నా దృష్టిలో చిన్న ట్యాంకుకి అంతకన్నా అందమైన చేప లేదు. నలభైకి ఐదారు మగ గప్పీలు. ఐదు లీటర్ల గాజు గిన్నెలో మనీప్లాంట్ పెట్టుకోండి, చేప వద్దు.

ఫైటర్ పైకొచ్చి గాలి పీలుస్తుంది, దూకుతుంది కూడా. కాబట్టి మూత ఉండాలి, నీటికీ మూతకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. డిసెంబర్, జనవరిల్లో నీళ్లు 24 డిగ్రీల కంటే చల్లబడితే చిన్న హీటర్ పెట్టండి.